తొమ్మిదో తరగతి పిల్లతో నేపాల్ సేవకు వెళ్తామంటున్నారు. సంఘం పంపాలా, ఆపాలా?

మర్రిపాలెం_సహోదరుడు:
అందరికీ వందనాలు. వైజాగ్‌లో మాది పెద్ద సంఘమేమీ కాదు. మాలో ఒక జంట నేపాల్ వెళ్లి సంఘం స్థాపించాలని చాలాకాలంగా భారంతో ప్రార్థిస్తున్నారు. ఆయనది పోర్టు దగ్గర షిప్పింగ్ ఆఫీసులో ఉద్యోగం, ఆమె నర్సు. కూతురు తొమ్మిదో తరగతి, కొడుకు మూడో తరగతి. ఆయన ఉద్యోగం మానేసి జూన్‌కల్లా అందరూ బయల్దేరాలని చూస్తున్నారు. వచ్చే నెల పెద్దల మీటింగులో మేము అవుననో కాదనో తేల్చాలి. కొందరు పెద్దలు "పిలుపు ఉన్నవాళ్లను ఆపడానికి మనమెవరం" అంటున్నారు. మరికొందరు "ఆ అమ్మాయి పదో తరగతి అయ్యేదాకా ఆగమనండి" అంటున్నారు. వాళ్ల భక్తి మీద నాకు అనుమానం లేదు. నా టెన్షనంతా పిల్లల గురించే. మీ సంఘాల్లో ఇలాంటివి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.

వన్‌టౌన్_ఉపదేశి:
వందనాలు బ్రదర్. వెళ్లనివ్వండి. మన ఊరి సంగతే తీసుకోండి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకున్నారు, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా తెలుగులో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యి వచ్చేసరికి ఇద్దరూ లేరు. ఉద్యోగం, చదువు, ఆరోగ్యం అన్నీ కుదిరాకే వెళ్దామని వాళ్లు కూర్చుని ఉంటే మన చేతికి ఆ పుస్తకం ఎప్పుడు వచ్చేదో. ఇల్లు, తల్లిదండ్రులు, పిల్లలు, భూములు తన కోసం విడిచినవాళ్ల గురించి ప్రభువు ఏమన్నాడో మార్కు పదో అధ్యాయంలో ఉంది. పుచ్చుకున్నవాళ్లం, మనవంతు ఇవ్వడానికి వెనకాడితే ఎలా?

సీతమ్మధార_సిస్టర్:
ఉపదేశిగారూ, మీ మాట మీద గౌరవం ఉంది. కానీ మీరు చెప్పిన కాలంలోనే ఇంకో ఇంటి సంగతి కూడా ఉంది. ఇంగ్లండ్ మిషనరీ విలియం కేరీ 1793లో ఇండియాకు బయల్దేరాలనుకున్నప్పుడు భార్య డొరతీ రానంది. అప్పుడావిడ నిండు గర్భిణి. ఓడ దగ్గర ఇబ్బంది వచ్చి ప్రయాణం ఆగితే ఆయన వెనక్కి వెళ్లి మళ్లీ అడిగారు. చెల్లెలు తోడొస్తేనే వస్తానని ఒప్పుకుంది. మరుసటి ఏడాదే ఐదేళ్ల కొడుకు పీటర్ బెంగాల్‌లో చనిపోయాడు. ఆవిడ మనసు చెదిరిపోయింది. 1807లో చనిపోయేదాకా ఇక కోలుకోలేదు. కేరీగారి అనువాదాల గురించి మన పుల్పిట్ మీద ఎన్నిసార్లు విన్నాం! డొరతీ పేరు ఎన్నిసార్లు విన్నాం?

పాస్టర్ భార్యగా అడుగుతున్నాను బ్రదర్. మీ పోస్టులో "ఆయన ఉద్యోగం మానేసి" అని ఉంది. ఆమె ఏమంటోంది? భర్త పక్కన నిలబడి తల ఊపడం వేరు, ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే చెప్పేది వేరు. ఆమె నర్సు అంటున్నారు కదా. మన డిగ్రీ ఉన్నా అక్కడ నర్సుగా చేయాలంటే నేపాల్ నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. ఆ ప్రయత్నం మొదలైందా? లేకపోతే ఇన్నేళ్లు సొంత సంపాదనతో బతికిన మనిషి రేపటి నుంచి పరాయి ఊళ్లో, భాష రాని చోట, నాలుగు గోడల మధ్య ఉండాలి.

కాపర్‌బెల్ట్_బిడ్డ:
నేను మిషనరీల బిడ్డని. నా చిన్నప్పుడు అమ్మానాన్న వైజాగ్ నుంచి జాంబియా వెళ్లారు, రాగి గనులుండే కాపర్‌బెల్ట్ ప్రాంతానికి. వాళ్లు మొదలుపెట్టిన సంఘం ఇవాళ్టికీ నడుస్తోంది. అది చూస్తే నాకు సంతోషమే. పిల్లలుగా మా సంగతి ఏమైందో చెప్తాను.

నేను ఐదో తరగతికి వచ్చాక చదువు పాడవుతోందని నన్నూ తమ్ముణ్నీ ఇక్కడికి పంపేశారు. వాడు కంచరపాలెంలో అమ్మమ్మ దగ్గర, నేను హాస్టల్లో. ఫోను ఆదివారం మాత్రమే. వార్డెన్ గదిలో ఫోను, నా వెనక లైన్లో మిగతా పిల్లలు. అమ్మ "ఎలా ఉన్నావమ్మా" అంటే "బాగున్నా" అనేదాన్ని. అంతమంది వింటుంటే ఇంకేం చెప్తాను? జ్వరంతో పడుకున్న సంగతి తగ్గాక చెప్పాను. నేను పెద్దమనిషినైన సంగతి అమ్మకు ఉత్తరంలో తెలిసింది, అదీ పిన్ని రాస్తే.

వాళ్లు సెలవుకు వచ్చినప్పుడైనా మాతో ఉంటారా అంటే అదీ లేదు. పంపిన సంఘాలన్నీ తిరగాలి కదా. గాజువాకలో పొద్దున, అనకాపల్లిలో సాయంత్రం, విజయనగరంలో రాత్రి మీటింగు. మమ్మల్ని స్టేజీ ఎక్కించి బెంబా భాషలో పాట పాడమనేవాళ్లు. నేను ఆ భాష మర్చిపోతూ ఉన్నాను, తమ్ముడికి అప్పటికే ఒక్క ముక్క గుర్తులేదు, ఊరికే నోరు కదిపేవాడు. అందరూ చప్పట్లు కొట్టి "ధన్యులమ్మా మీరు" అనేవాళ్లు. నాన్నతో ఒక్క సాయంత్రం ఆర్కే బీచ్‌లో కూర్చోవాలని ఎంత ఉండేదో. కుదిరేది కాదు.

నాకు దేవుడి మీద కోపం లేదు. తమ్ముడు మాత్రం చర్చికి రావడం మానేశాడు. అమ్మానాన్నల పిలుపు అబద్ధమని నేననను. పిలుపు వాళ్లది, దాని ఖరీదు కట్టింది మేము. అన్ని సంఘాలు తిరిగాం, "నీకెలా ఉంది" అని మమ్మల్ని విడిగా అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. మీరు ఆ అమ్మాయిని అడిగారా అండీ?

మల్కాపురం_నేవీ_ఇల్లు:
అక్కా, మీ మాటలు చదివి మనసు కలుక్కుమంది. అయినా ఒక సందేహం. మాది నేవీ కుటుంబం. మా పిల్లలు రెండు మూడేళ్లకోసారి ఊరు మారతారు. కొచ్చి, ముంబై, పోర్ట్ బ్లెయిర్, మళ్లీ వైజాగ్. మా వీధిలో మర్చంట్ నేవీ వాళ్లున్నారు, ఆ నాన్న నెలల తరబడి సముద్రం మీదే. శ్రీకాకుళం నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్ల పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. జీతం కోసం వెళ్తే ఎవరూ చర్చ పెట్టరు. దేవుడి కోసం వెళ్తామంటేనే పిల్లలు గుర్తొస్తారేం?

కాపర్‌బెల్ట్_బిడ్డ:
మంచి ప్రశ్న సిస్టర్. మీకు బదిలీ అయితే అక్కడ కేంద్రీయ విద్యాలయం ఉంటుంది, అదే సిలబస్. క్వార్టర్ ఉంటుంది. జ్వరమొస్తే నేవీ ఆస్పత్రి ఉంటుంది. రిటైరయ్యాక పెన్షన్ ఉంటుంది. పక్క క్వార్టర్‌లో మీలాంటి ఇల్లే ఇంకోటి ఉంటుంది. మిమ్మల్ని పంపినవాళ్లు మీ పిల్లల గురించి ముందే ఆలోచించి పెట్టారు. మమ్మల్ని పంపినవాళ్లు ప్రార్థన చేశారు, మనస్ఫూర్తిగానే చేశారు. కానీ మా చదువు ఎక్కడ, ఫీజు ఎవరు కడతారు, సెలవుల్లో ఎవరింట్లో ఉండాలి అన్నవి ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు. పిల్లలతో వెళ్లడం తప్పని నేననట్లేదు. పిల్లలున్న ఇంటిని పంపుతున్నామని పంపేవాళ్లకు తెలిసి ఉండాలి.

లెక్కలు_చూసే_అన్న:
సంఘాలకు ఆడిట్ పని చేస్తుంటాను, అందుకే ఈ సంగతులు చెప్పాలి. మొదటిది, సంఘం రిజిస్టరైన సొసైటీ గానీ ట్రస్టు గానీ అయితే, విదేశంలో పెట్టిన ఖర్చుకు ఆదాయపు పన్ను మినహాయింపు మామూలుగా రాదు. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) అనుమతి విడిగా తెచ్చుకోవాలి. చాలామంది పెద్దలకు ఇది తెలియదు, కానుకల డబ్బు పంపేసి నోటీసు వచ్చాక పరిగెడతారు. పంపే ముందే మీ ఆడిటర్‌తో కూర్చోండి. రెండోది ఆరోగ్య బీమా. మనం ఇక్కడ కట్టే పాలసీలు చాలావరకు ఇండియాలో చేయించుకున్న వైద్యానికే వర్తిస్తాయి. కాగితం తీసి చదివించండి.

మూడోది, ఆ పాప చదువు. సీబీఎస్‌ఈలో తొమ్మిదో తరగతిలోనే రిజిస్ట్రేషన్ అయిపోతుంది, పదిలో నేరుగా చేరడానికి ప్రత్యేక కారణం, బోర్డు అనుమతి ఉండాలి. పాప స్టేట్ సిలబస్ అయితే ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఖాట్మండులో కేంద్రీయ విద్యాలయం ఉంది, విదేశాల్లో ఉన్న మూడింట్లో అదొకటి. సీటు దొరకడం వేరే సంగతి. జూన్ అంటే ఆ అమ్మాయిని పదో తరగతి నడుమ దించినట్టే.

ఇంకొకటి, కాస్త కఠినంగానే చెప్తాను. వీడ్కోలు ఆరాధన రోజు చేతులన్నీ లేస్తాయి. నెలకు ఇంత అని కాగితం మీద రాసిచ్చేవాళ్లు చాలామంది. ఏడాది తిరిగేసరికి ఎందరు ఇస్తున్నారో మీ కోశాధికారినే అడగండి. రెండేళ్ల ఖర్చు బ్యాంకులో పడ్డాకే టికెట్ తీయాలని తీర్మానం రాసుకోండి. నేపాల్ రూపాయి మన రూపాయికి 1.60 లెక్కన ఉంటుంది కదా, చవకే అనుకోకండి. ఖాట్మండులో ఇంటి అద్దె, స్కూలు ఫీజు చూస్తే ఆ మాట అనరు.

వన్‌టౌన్_ఉపదేశి:
అన్నా, ఇన్ని లెక్కలు వేస్తే అబ్రాహాము ఊరు దాటేవాడా?

లెక్కలు_చూసే_అన్న:
గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోడా అని అడిగింది ప్రభువే కదండీ. తన ఇంటివాళ్లను చూసుకోనివాడి గురించి 1 తిమోతి 5:8లో పౌలు ఎంత గట్టిగా రాశాడో కూడా మీకు తెలుసు.

హిల్‌వ్యూ_సోదరుడు:
ఎవరూ అడగని ప్రశ్న ఒకటి. నేపాల్‌లో చట్టం సంగతి ఆ జంటకు తెలుసా? 2015 రాజ్యాంగం 26వ అధికరణం ఇంకొకరిని మతం మార్చడాన్ని నిషేధిస్తుంది. 2018 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి ప్రకారం ఐదేళ్ల దాకా జైలు, విదేశీయులైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపేస్తారు. 1950 ఒప్పందం వల్ల మనవాళ్లు వీసా లేకుండా వెళ్లి అక్కడ ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. అంతమాత్రాన ఈ చట్టం మనకు వర్తించకపోదు. నాన్నను పోలీసులు తీసుకెళ్తే మూడో తరగతి పిల్లవాడికి ఎవరు ఏం చెప్తారు?

ఇంకో సంగతి. 1954లో మొదలైన యునైటెడ్ మిషన్ టు నేపాల్ ఆస్పత్రులు, బడులు నడిపింది. మత ప్రచారం చేయబోమన్న షరతు మీదే వాళ్లకు అనుమతి దొరికింది. సంఘాన్ని పెంచింది ఎక్కువగా నేపాలీ విశ్వాసులే, జైళ్లకు వెళ్లి మరీ. అక్కడ అంతమంది సేవకులుండగా తెలుగు కుటుంబం వెళ్లి కొత్తగా సంఘం కట్టాల్సిన పనేమిటో నాకు అర్థం కాలేదు. అక్కడి పాస్టర్ ఎవరైనా వీళ్లను పిలిచారా? పిలిస్తే ఆయన కింద పని చేస్తారా? మన ఊళ్లో రాత్రిళ్లు విజిల్ ఊదుకుంటూ తిరిగి, నెల మొదట్లో గేటు దగ్గరకు వచ్చి డబ్బు అడిగే గూర్ఖాను ఎన్నడైనా ఇంట్లోకి పిలిచి టీ ఇచ్చామా? ముందు ఆయన దగ్గర నాలుగు ముక్కలు నేపాలీ నేర్చుకోమనండి.

నెల్లూరు_నుంచి_వైజాగ్:
చట్టం సంగతిలో హిల్‌వ్యూ బ్రదర్‌తో ఏకీభవిస్తాను. కానీ తెలుగువాళ్లు బయటికి వెళ్లడం మనకు కొత్త కాదు. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లలో మన విశాఖ జిల్లా తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల కోసం 1903లో మా నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారు కుటుంబంతో దక్షిణాఫ్రికా వెళ్లారు. పంపింది తెలుగు బాప్టిస్టు సంఘాలే. ఆ డిసెంబరులోనే కీర్స్నీలో సంఘం ఏర్పడింది. ఆయన 1915లో చనిపోయేదాకా ఆ పని చేశారు. వెళ్లిన చోట మన భాష మాట్లాడేవాళ్లు, మన కూర వండేవాళ్లు ఉన్నారు. ఆ ఇల్లు ఒంటరిది కాలేదు. మీ జంట వెళ్లే చోట ఆ పిల్లలకు ఇరుగుపొరుగు ఎవరు? అది చూడండి బ్రదర్.

వన్‌టౌన్_ఉపదేశి:
అపాయం ఉందని ఆపితే మాత్రం నేను ఒప్పుకోను. మన పక్కనే ఒడిశాలో 1999 జనవరిలో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌గారిని, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌ని, ఆరేళ్ల తిమోతిని జీపులో కాల్చేశారు. అయినా ఆయన భార్య గ్లాడిస్ అమ్మగారు కూతురితో బారిపదలోనే ఉండి కుష్ఠురోగుల సేవ కొనసాగించారు.

సీతమ్మధార_సిస్టర్:
ఉపదేశిగారూ, ఆ ఇద్దరు పిల్లల్ని మన వాదనలోకి తీసుకురావద్దండి, ఇటువైపూ వద్దు, అటువైపూ వద్దు. గ్లాడిస్ అమ్మగారు ఉండాలని తనే నిర్ణయించుకున్నారు. నేను మొదటి నుంచీ అడుగుతున్నది అదే, ఈ ఇంట్లో ఆమెకూ ఆ పిల్లకూ నిర్ణయించుకునే చోటు ఉందా అని.

మర్రిపాలెం_సహోదరుడు:
అందరికీ కృతజ్ఞతలు. మీటింగులో నేను పెట్టబోయేది ఇది. ఈ జూన్ వద్దు. పాప పదో తరగతి ఇక్కడే పూర్తి చేయాలి. ఈలోపు భార్యాభర్తలు ఇద్దరూ ఒకసారి వెళ్లి అక్కడి పాస్టర్లతో ఉండి రావాలి, వాళ్లు రమ్మంటేనే ముందుకు. రెండేళ్ల ఖర్చు, పిల్లల ఫీజు, బీమా జమయ్యాకే పంపాలి. సెలవుకు వచ్చినప్పుడు పిల్లలను స్టేజీ ఎక్కించకూడదని కూడా రాయిస్తాను. సంఘం ఇవి చేయలేనంటే పంపే అర్హత మాకు లేదని చెప్తాను. ఒక్కటి మాత్రం తేలలేదు. పాపతో ఎవరు మాట్లాడాలి? నేను వెళ్తే పెద్దలు పంపారనుకుంటుంది.

కాపర్‌బెల్ట్_బిడ్డ:
మీరు వద్దండీ, అయ్యగారూ వద్దు. సండే స్కూల్లో ఆ పిల్లకు చనువున్న టీచర్ ఎవరైనా ఉంటే ఆవిడ్ని అడగండి. ఇంట్లో కాకుండా బయట ఎక్కడైనా, అమ్మానాన్న లేకుండా. "వెళ్లడం ఇష్టమేనా" అని అడిగితే అవుననే అంటుంది, మేమూ అలాగే అన్నాం. "ఇక్కడ ఏం వదిలి వెళ్లాలంటే బాధగా ఉంది" అని అడగమనండి. ఆ పిల్ల ఏం చెప్పినా తనను అడక్కుండా మీటింగులో చదవొద్దు. తమ్ముడితో కూడా విడిగా మాట్లాడించండి. మూడో తరగతి పిల్లాడికి ఏం తెలుసులే అనుకుంటారు, మా వాణ్ని కూడా అలాగే అనుకున్నారు.