రెండో బ్యాటరీ నిజంగా కావాలా, ఒక్కటి చాలదా?

మట్టిబాట:
నాది డీజిల్ ఫోర్ బై ఫోర్. ఎక్కువగా నేనూ నాన్నగారూ ఒక్క బండిలోనే వెళ్తాం, వెంట ఇంకో బండి ఉండదు. ఈసారి ఒకే చోట రెండు రాత్రులు ఆగాలనుకుంటున్నాం. నాన్నగారి ఇన్సులిన్ కోసమే 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ తీసుకున్నాను. తెరవని పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. బండిలో ఉన్నది 70 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే గంటకు ఒక ఆంపియర్ చొప్పున 70 గంటల కరెంటు) బ్యాటరీ ఒక్కటే. రెండోది పెట్టించాలా, బ్యాటరీ పడిపోతే ఇంజిన్‌ను లేపే జంప్ స్టార్టర్ ఒకటి దగ్గర ఉంచుకుంటే చాలా? ఎవరిని అడిగినా ఒక్కో మాట చెబుతున్నారు.

రాళ్లదారి:
పెట్టించెయ్యండి బ్రదర్, ఇంకేం ఆలోచించకండి. నేనూ ఒక్క బ్యాటరీతోనే రాత్రంతా ఫ్రిజ్ నడిపాను. తెల్లారి కీ తిప్పితే టక్ టక్ టక్‌మని చప్పుడు తప్ప ఇంజిన్‌లో చలనం లేదు. కీ తిప్పిన ప్రతిసారీ డాష్ లైట్లు మసకబారుతున్నాయి. ఫోన్‌లో సిగ్నల్ లేదు, చుట్టూ మనిషి అలికిడి లేదు. మధ్యాహ్నానికి అటుగా ఒక ట్రాక్టర్ వచ్చింది కాబట్టి బయటపడ్డాం. ఆ ఏడు గంటల టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఒంటరిచక్రం:
మీరు పడ్డ ఇబ్బంది అర్థమైంది అన్నా. కానీ ఆ రోజు చేతిలో పట్టే జంప్ స్టార్టర్ ఉండుంటే పది నిమిషాల్లో బయల్దేరేవారు కదా? దానికోసం 30 కిలోల ఏజీఎం (సీల్ చేసిన లెడ్ రకం) బ్యాటరీ, బ్రాకెట్, మీటర్ల కొద్దీ కేబుల్ మోయాలా? గతుకుల్లో ఊడిపోయేవి ఈ అదనపు కనెక్షన్లే. వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) కోసం కావాలనేవాళ్లూ ఉన్నారు. నిండు లోడులో వించ్ 400 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఇంజిన్ ఆన్‌లో పెట్టి, మధ్యమధ్యలో ఆపుతూ లాగాలి తప్ప దానికి రెండో బ్యాటరీ మందు కాదు. రోజూ బండి నడిపేవాళ్లకు ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని నింపే ఆల్టర్నేటరే చాలు.

పాతస్పానర్:
వించ్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. జంప్ స్టార్టర్ విషయంలో మాత్రం కాదు. అది ఇంజిన్‌ను లేపుతుంది, రాత్రంతా ఫ్రిజ్‌ను చల్లగా ఉంచదు. మట్టిబాట గారి భయం బండి స్టార్ట్ కాకపోవడం ఒక్కటే కాదు, మందు పాడవడం కూడా.

నన్నడిగితే అసలు ప్రశ్న ఒక్కటే: ఇంజిన్ ఆపి ఎన్ని గంటలు ఉంటారు, ఆ గంటల్లో ఏమేం నడుస్తాయి? లెక్క వేద్దాం. ఆ సైజు ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగేటప్పుడు 4 ఆంపియర్ల వరకు తీసుకుంటుంది. ఆగుతూ తిరుగుతూ సగటున గంటకు ఒకటిన్నర ఏహెచ్ అనుకుందాం. అంటే రోజుకు 36 ఏహెచ్. ఎండ ముదిరితే ఇంకా ఎక్కువ. మీ 70లో వాడుకోగలిగింది గట్టిగా సగం, 35. అది కూడా కొత్త బ్యాటరీ అయితేనే. స్టార్టింగ్ బ్యాటరీలో ప్లేట్లు పల్చగా ఉంటాయి. ఒక్క క్షణం వందల ఆంపియర్లు ఇవ్వడానికి చేసినవి అవి. నెమ్మదిగా అడుగుదాకా తోడితే కొన్నిసార్లకే చచ్చిపోతాయి. అలా నెమ్మదిగా తోడుకోవడానికే చేసిన డీప్ సైకిల్ బ్యాటరీ ప్లేట్లు మందంగా ఉండేది అందుకే.

కాబట్టి ఒక రాత్రి ఆగి పొద్దున్నే కదిలితే ఒక్కటి చాలు. రెండు రాత్రులు కదలకుండా ఉంటే చాలదు. మధ్యలో అరగంట ఇంజిన్ ఆన్ చేస్తే నిండుతుందనుకోవద్దు. లెడ్ బ్యాటరీ చివరి 20 శాతం ఎక్కడానికి గంటలు పడుతుంది.

నా మాట కూడా నమ్మక్కర్లేదు. బయల్దేరే ముందు ఇంటి దగ్గరే ఒక రాత్రి ఫ్రిజ్ నడిపి మల్టీమీటర్ పెట్టి చూడండి. లోడు తీసేసి, కాసేపు ఆగి కొలిస్తే 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సగం అయిపోయినట్టు.

ఒంటరిచక్రం:
సరే, లెక్క ఒప్పుకుంటున్నాను. అయినా బండి వైరింగ్ కొయ్యాల్సిన పని లేదు. 500 వాట్ అవర్ల పవర్ స్టేషన్ (చేత్తో మోసుకెళ్లే బ్యాటరీ పెట్టె), మడత పెట్టే 100 వాట్ల సోలార్ ప్యానెల్ చాలవా?

పాతస్పానర్:
మంచి ఎండ ఉంటే చాలొచ్చు. కానీ 500 అంటే 12 వోల్టుల దగ్గర సుమారు 40 ఏహెచ్, ఒక్క రోజు ఫ్రిజ్. మబ్బు పడితే అక్కడితో సరి. అయినా మీరు చెప్పేది కూడా రెండో బ్యాటరీనే కదా, బానెట్ కింద కాకుండా పెట్టెలో ఉంది. ఏడాదికి రెండు ట్రిప్పులైతే నేనూ అదే తీసుకోమంటాను.

వైరుముడి:
పెట్టిస్తే మాత్రం ఒక జాగ్రత్త. మీ బండిలో ఉన్నది స్మార్ట్ ఆల్టర్నేటరా అని ముందు చూసుకోండి. మెయిన్ బ్యాటరీ నిండగానే అది వోల్టేజ్ తగ్గించేస్తుంది. మామూలు ఐసోలేటర్ (వోల్టేజ్‌ను బట్టి రెండు బ్యాటరీలను కలిపి విడదీసే స్విచ్) 13.3 దగ్గర కలిపి, 12.8 దగ్గర విడదీస్తుంది కాబట్టి రెండోది ఎప్పుడూ సగమే నిండుతుంది. అలాంటి బండికి, తగ్గిన వోల్టేజ్‌ను పెంచి రెండో బ్యాటరీని నింపే డీసీ టు డీసీ చార్జర్ తప్పదు. కేబుల్‌కి రెండు చివర్లా, బ్యాటరీల పక్కనే ఫ్యూజులు ఉండాలి. ఛాసిస్‌కి (బండి ఇనుప చట్రానికి) రాసుకుని ఇన్సులేషన్ చిరిగితే బండి కాలిపోతుంది, ఇందులో రాజీ పడొద్దు. మెయిన్ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద చార్జింగ్ కొలిచే సెన్సర్ ఉంటే, రెండోదాని ఎర్త్ (నెగటివ్) వైరును ఛాసిస్‌కే బిగించండి. లిథియం అయితే ఇంజిన్ వేడికి దూరంగా, వెనక పెట్టించండి.

మట్టిబాట:
నిన్న రాత్రి టెస్ట్ చేశాను. ఎనిమిదింటికి 12.6, పొద్దున ఏడింటికి 12.3. కీ తిప్పగానే స్టార్ట్ అయింది. కానీ ఇంకోటి బయటపడింది. పొద్దున ఇంజిన్ ఆన్ చేయకముందే, కంప్రెసర్ తిరుగుతుండగా వెనక సాకెట్ దగ్గర కొలిస్తే 11.6 మాత్రమే ఉంది. దారాల్లాంటి ఆ సన్న వైర్లలోనే దాదాపు ముప్పావు వోల్టు పోతోంది. రెండో రాత్రి వోల్టేజ్ ఇంకా తగ్గి ఫ్రిజ్ దానంతట అదే ఆఫ్ అయిపోయి ఉండేది, మాకు తెల్లారేదాకా తెలిసేది కాదు.

వెనక సీటు కింద 100 ఏహెచ్ లిథియం పెట్టిస్తున్నాను. 12 కిలోలే కాబట్టి బరువు బాధ లేదు. ఫ్రిజ్‌కి మందపాటి వైరు నేరుగా దాని నుంచే. నాది స్మార్ట్ ఆల్టర్నేటరే, చార్జర్ 20 ఆంపియర్లది చాలా, 40ది తీసుకోవాలా?

వైరుముడి:
రోజుకు రెండు గంటలు నడుపుతారా? అయితే 20 చాలు, మీ ఫ్రిజ్ రోజంతా తిన్నది తిరిగి ఎక్కేస్తుంది.