గనేరియా అనే సుఖవ్యాధికి ఇంజెక్షన్ తీసుకున్నా మంట పూర్తిగా పోలేదు, మళ్లీ పరీక్ష ఎప్పుడు?

అందరికీ నమస్కారం. తెలిసినవారు, ముఖ్యంగా వైద్యులు ఎవరైనా ఉంటే, దయచేసి సలహా ఇవ్వండి.

మూత్రం పోసేటప్పుడు మంట, ఆ వెంటనే అంగం చివర నుంచి పసుపుపచ్చని చీము మొదలయ్యాయి. లోదుస్తుల మీద మరకలు ఎండి గట్టిపడేంతగా కారేది. వృషణాల్లో వాపు, జ్వరం లేవు. కనీసం గంటసేపు మూత్రం ఆపుకుని, మొదట వచ్చే ధారను సీసాలో పట్టి ఇమ్మన్నారు. న్యాట్ పరీక్షలో (బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని పట్టుకునే పరీక్ష) గనేరియా ఉందని, క్లమీడియా అనే మరో సుఖవ్యాధి లేదని తేలింది. తుంటికి సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ 500 మి.గ్రా. ఇంజెక్షన్ ఒక్కటే ఇచ్చారు.

చీము త్వరగానే ఆగింది. మంట మాత్రం వారం దాటినా పొద్దున్న పూట సన్నగా ఉంటోంది. ఇది మందుకు లొంగని రకమా, లేక మైకోప్లాస్మా జెనిటాలియం (ఇలాగే సోకే మరో బ్యాక్టీరియా) లాంటిది ఇంకేదైనా తోడుందా? ఒక స్నేహితుడు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు మింగమంటున్నాడు. గనేరియా చాలాచోట్ల ఆ మందుకు ఎప్పుడో లొంగడం మానేసింది, అందుకే ఆ సలహా పక్కన పెట్టాను.

మళ్లీ పరీక్ష ఎప్పుడు చేయించాలి? తొందరపడితే చచ్చిన బ్యాక్టీరియా అవశేషాలకే న్యాట్ పాజిటివ్ చూపించవచ్చట. ఈసారి కల్చర్ (నమూనాలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) అడగడం మేలా? గొంతు నమూనా ఎవరూ తీసుకోలేదు, అదీ అడగాలా?

నా భార్యకు ఏ లక్షణాలూ లేవు. ఆడవారిలో తరచూ ఇలాగే ఉంటుందట. విషయం ఆమెకు చెప్పాను (ఇంజెక్షన్ నొప్పి దాని ముందు ఏపాటిది!). ప్రస్తుతం దూరంగానే ఉంటున్నాం. ఆమె పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగాలా, ఈలోపే చికిత్స మొదలుపెట్టించాలా?