పొట్టి కాళ్లకు సరిపోయే రెయిన్ ప్యాంటు: సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లేవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

నల్లగండ్ల రైడర్ (హైదరాబాద్)

అందరికీ నమస్తే. నల్లగండ్ల నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఆఫీసుకు రోజూ సైకిల్ మీదే వెళ్తాను. వానలు మొదలయ్యాయంటే నాకు ప్యాంటుతోనే టెన్షన్. నా ఎత్తు 152 సెం.మీ., కాలి లోపలి కొలత 66 సెం.మీ., అంటే 26 అంగుళాలు. నడుము, తొడలు మాత్రం మీడియం సైజు. స్మాల్ వేసుకుంటే తొడల దగ్గర పట్టేసి పెడల్ తొక్కలేను. మీడియం వేసుకుంటే అంచు మడమ కిందికి వచ్చేస్తుంది, కుడి కాలి వైపు బట్ట చైన్‌లో పడి గ్రీజు అంటుకుని చిరుగుతుంది. ట్రాఫిక్‌లో అలా ఇరుక్కుంటే పడిపోవడమే.

షాపులో అడిగితే "కింద కట్ చేయించుకోండి మేడమ్" అంటారు. అలా చేస్తే అడుగున ఉన్న వెల్క్రో పట్టీ పోతుంది, జిప్పు పాడవుతుంది. పొట్టిగా ఉండి నడుము, తొడలు కాస్త నిండుగా ఉన్నవాళ్లు ఏం కొన్నారు, ఏం మార్పించుకున్నారు? దయచేసి వానలో క్యాబ్ ఎక్కొచ్చు కదా అని మాత్రం చెప్పకండి.

సాగరతీరం (విశాఖపట్నం)

అమ్మా, మన ఊళ్ల వాన వెచ్చటి వాన. వానాకాలంలో కూడా ఇక్కడ ఉక్క తగ్గదు. ప్యాంటు బయట నుంచి నీళ్లు ఆపినా లోపల చెమటతో అంతే తడుస్తాం. నేను నైలాన్ నిక్కరు, చెప్పుల్లాంటి శాండిల్స్ వేసుకుని తొక్కుతాను. చర్మం తుడుచుకుంటే ఆరిపోతుంది. ఆఫీసు బట్టలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగులో పెట్టుకుంటాను. పొడవు గొడవే ఉండదు.

నల్లగండ్ల రైడర్

బాబాయ్ గారూ, సెలవు రోజుల్లో సరదాగా తొక్కేటప్పుడు నేనూ అంతే చేస్తాను. కానీ మా ఆఫీసులో బట్టలు మార్చుకునే చోటు లేదు, వాష్‌రూమ్‌లో క్యూ ఉంటుంది. రోడ్డు మీద నీళ్లు కూడా శుభ్రమైనవి కావు, బస్సు పక్కనుంచి పోతే మురుగంతా తొడల దాకా వస్తుంది. అందుకే సల్వార్ మీదో జీన్స్ మీదో తొడుక్కుని, అక్కడ విప్పి తగిలించేసే ప్యాంటు కావాలి.

కాలువ గట్టు (ఆమ్‌స్టెల్వేన్, నెదర్లాండ్స్)

అక్కా, మీ బాధ నాకు బాగా తెలుసు. నేను మగాణ్నే, ఎత్తు 163, కాలి లోపలి కొలత 71. ఇక్కడి మగవాళ్ల సగటు ఎత్తు 183 సెం.మీ. దాకా ఉంటుంది, ప్యాంట్లన్నీ వాళ్ల కాళ్లకే కుడతారు. పైగా ఇక్కడ వానంటే చలివాన, గాలి ఎదురుగా కొడుతుంది. నిక్కరు మాటే లేదు. ఆఫీసుకు వెళ్లేవాళ్లు, పిల్లల్ని బడిలో దింపేవాళ్లు, అందరూ మామూలు బట్టల మీద వానసూటు తొడుక్కుని తొక్కేస్తారు.

ముందు కొలత సరిగ్గా తీసుకోండి. గోడకు వీపు ఆనించి చెప్పుల్లేకుండా నిలబడి, గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య సీటు నొక్కినట్టు పైకి నొక్కి పట్టుకోండి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా ఉన్నదే మీ కొలత. జీన్స్ లేబుల్ మీద ఉన్న నంబరును నమ్మొద్దు.

ఇంకో సంగతి. సైకిల్ మీద మోకాలు వంగినప్పుడల్లా ప్యాంటు పైకి జరుగుతుంది. తొడల దగ్గర ఎంత బిగుతుగా ఉంటే అంత ఎక్కువ జరుగుతుంది. 5 నుంచి 8 సెం.మీ. వరకు పోతుందనుకోండి. కాబట్టి నిలబడినప్పుడు సరిగ్గా ఉన్న ప్యాంటు సైకిల్ ఎక్కాక పొట్టిదవుతుంది, చీలమండ బయటపడి వాన నీళ్లు నేరుగా బూటులోకి దిగుతాయి. మీకు 66 అయితే 72, 73 ఉన్న ప్యాంటు నిజానికి పొడవు కాదు. 78, 80 ఉన్నవే సమస్య.

నేను ఇప్పుడు రెండు రకాలు వాడుతున్నాను. చిరుజల్లు అయితే రెయిన్‌లెగ్స్. ఇది ఇక్కడి డచ్ సరుకే. తొడల ముందు భాగాన్ని, మోకాళ్లను మాత్రమే కప్పి వెనక పట్టీలతో కట్టుకునేది. పాదం దాకా రాదు కాబట్టి పొట్టి కాళ్లకూ పొడవు కాళ్లకూ ఒకటే. వెనక గాలి ఆడుతుంది, కాబట్టి హైదరాబాద్ ఉక్కకు కూడా పనికొస్తుందనుకుంటున్నాను. మడ్‌గార్డులు లేకపోతే మాత్రం దండగ, చక్రం చిమ్మే నీళ్లన్నీ పిక్కల మీదే. గట్టి వాన అయితే పూర్తి ప్యాంటు. జర్మనీ కంపెనీ వౌడే కొన్ని మోడళ్లలో షార్ట్ కొలత కూడా ఇస్తుంది, నాకు అదే కుదిరింది.

లెస్టర్ పద్మ (ఇంగ్లండ్)

నా ఎత్తు 150. అందరూ అడుగు అంచు గురించే మాట్లాడుతున్నారు, నేను పైభాగం గురించి చెబుతాను. నా అనుభవంలో ప్రమాదమంతా అక్కడే ఉంది.

పొడవు మనిషికి కుట్టిన ప్యాంటులో కాళ్లు కలిసే చోటు కూడా కిందికే ఉంటుంది. మనం వేసుకుంటే అక్కడ బట్ట సంచిలా వేలాడుతుంది. మనలాంటివాళ్లకు సీటు మీద కూర్చుంటే కాళ్లు నేలకు సరిగ్గా అందవు కాబట్టి ప్రతి సిగ్నల్ దగ్గరా సీటు ముందుకు దిగి నిలబడాలి, మళ్లీ ఎక్కాలి. ఆ దిగడంలో, ఎక్కడంలో వేలాడే బట్ట సీటు ముక్కుకు తగులుకుంటుంది. బస్సుల మధ్య అది జరిగితే ఎలా ఉంటుందో ఆలోచించండి. కింద ఎంత కత్తిరించినా ఇది పోదు. అందుకే ట్రయల్ రూమ్‌లో ప్యాంటు పొడవు చూడకముందు ఒక కాలు ఎత్తి కుర్చీ మీద పెట్టి చూడండి, కాళ్ల మధ్య బట్ట ఎంత వేలాడుతోందో తెలిసిపోతుంది.

నడుము సంగతి కూడా అంతే. ఈ ప్యాంట్లకు చాలావాటికి ఉత్త ఎలాస్టిక్ ఉంటుంది. తడిసి బరువెక్కి, తొక్కుతుంటే కొంచెం కొంచెంగా జారుతుంది. నడుము రెండంగుళాలు జారితే కాళ్లు రెండంగుళాలు పొడవైనట్టే. నేను మగవాళ్లు వేసుకునే సస్పెండర్లు, అంటే భుజాల మీదుగా వచ్చే పట్టీలు, జాకెట్ లోపల వేసుకుంటున్నాను. పొడవు అనుకున్న సమస్య సగం అక్కడే తీరింది. కొనేముందు ఇది ఒకసారి ప్రయత్నించండి, ఖర్చు తక్కువ.

ఇక్కడ కొండలెక్కేవాళ్ల దుకాణాల్లో కాలి పొడవును బట్టి వేరువేరుగా దొరుకుతాయి. బెర్గౌస్ డెల్యూజ్ ప్యాంటు ఒకే నడుము సైజులో 29, 31, 33 అంగుళాల కాళ్లతో వస్తుంది. 29 అంటే దాదాపు 74 సెం.మీ. పైన తమ్ముడు చెప్పిన లెక్కతో 26 అంగుళాల కాలికి అది కాస్త పొడవే అయినా తొక్కదగ్గదే. అయితే అవి నడకకు కుట్టినవి, చీలమండ దగ్గర వెడల్పు ఎక్కువ. కుడి కాలికి పట్టీ కట్టడం తప్పనిసరి.

వాననగరం (సియాటెల్)

అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకోవడానికి: మార్మాట్ ప్రీసిప్, పటగోనియా టోరెంట్‌షెల్ ప్యాంట్లు రెండింటిలోనూ షార్ట్ కొలత ఉంది. ప్రీసిప్‌లో ఫుల్ జిప్ రకం తీసుకుంటే బూట్లు విప్పకుండానే తొడుక్కోవచ్చు. ఫుల్ జిప్ అంటే నడుము నుంచి అడుగు దాకా పక్కన జిప్పు. కాకపోతే దాన్ని తర్వాత కత్తిరించడం కష్టం, కాబట్టి పొడవు ముందే సరిచూసుకోండి.

కుట్టుమిషన్ (విజయవాడ)

మాది మూడు తరాలుగా ఆల్టరేషన్ పని. నేనూ సైకిల్ తొక్కుతాను కాబట్టి ఈ ప్యాంట్లు నా దగ్గరికి చాలా వస్తుంటాయి. వివరంగా రాస్తాను.

కత్తిరించాలా వద్దా అన్నది మోకాలు చెబుతుంది. మంచి సైక్లింగ్ ప్యాంటుకు మోకాలి దగ్గర మడతలు పెట్టి ముందే వంపు కుడతారు. సైకిల్ మీద కూర్చున్నప్పుడు ఆ వంపు మీ మోకాలి మీదే ఉంటే అడుగున కత్తిరించినా ఏ ఇబ్బందీ లేదు. వంపు పిక్క మీదకి దిగిపోయి ఉంటే ఆ ప్యాంటు మీది కాదు, వదిలేయండి. తొడ దగ్గర మడత వేసి పైకి లాగి కుట్టమని కొందరు అడుగుతారు. నేను ఒప్పుకోను. వాన ఎక్కువగా పడేది తొడ మీదే, అక్కడ కొత్త సూది రంధ్రాలు పెట్టడం మంచిది కాదు.

అడుగున కత్తిరించేటప్పుడు కొలత నిలబెట్టి తీసుకోకూడదు. సైకిల్‌ను గోడకు ఆనించి, రోజూ వేసుకునే బూట్లతో, లోపల వేసుకునే ప్యాంటుతో సహా కూర్చోవాలి. పెడల్ పైకి వచ్చినప్పుడు అంచు చీలమండ ఎముకను కప్పాలి, కిందికి వెళ్లినప్పుడు మడమను దాటకూడదు. ఈ రెండింటి మధ్యే గుర్తు పెట్టాలి. గుండుసూదులు గుచ్చొద్దు, ఈ బట్టకు పడిన రంధ్రం పూడదు. బట్టల క్లిప్పులు చాలు.

జిప్పు విషయంలో జాగ్రత్త. వీటికి రన్నర్ కిందికి లాగితే మూసుకుంటుంది. మూసి ఉండగా కత్తిరిస్తే రన్నర్ ముక్కతోపాటే పోతుంది. రన్నర్‌ను బాగా పైకి జరిపి, కొత్త అంచు దగ్గర జిప్పు రెండు వైపులా దారంతో చాలాసార్లు అడ్డంగా కుట్టి గట్టి ముడిలా అడ్డు వేయాలి. ఆ తర్వాతే కత్తెర. వెల్క్రో పట్టీని పారేయకుండా విప్పి మళ్లీ పైన కుట్టొచ్చు.

దారం పాలిస్టర్‌ది వాడాలి. నూలు దారం నీళ్లు పీల్చుకుని లోపలికి లాగుతుంది, కొన్నాళ్లకు కుళ్లుతుంది. కుట్టాక లోపలి వైపు సీమ్ సీలర్, అంటే కుట్టు రంధ్రాలను మూసే జిగురు, రాయాలి. లోపల పీయూ (పాలీయురిథేన్ అనే ప్లాస్టిక్) పూత ఉన్న బట్టకు పీయూ రకం సీలర్, సిలికాన్ పూత ఉన్నదానికి సిలికాన్ రకం. ఒకదానికి ఇంకొకటి రాస్తే పట్టదు, ఊడి వస్తుంది. వేడి ఇస్త్రీ మాత్రం వద్దు, పూత కరుగుతుంది.

అసలు కత్తెర పెట్టకుండా ముందు ఒక పని చేసి చూడండి. మోకాలి కింద, పిక్క మొదలయ్యే చోట వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ వేసి, మిగులు బట్టను దాని పైకి కొంచెం లాగి వదలండి. మోకాలికి వదులు దొరుకుతుంది, అడుగు అంచు పైకి వస్తుంది. మెరిసే పట్టీ అయితే రాత్రిపూట వెనకవాళ్లకు కనిపిస్తారు కూడా.

హనుమకొండ కుర్రాడు

అన్నా, పిల్లల సైజు సంగతేంటి? నా ఎత్తు 157, సన్నగా ఉంటాను. డెకాథ్లాన్‌లో పిల్లల సెక్షన్‌లో 14 ఏళ్ల సైజు ప్యాంటు నాకు బాగానే సరిపోయింది, ధర కూడా తక్కువ.

కుట్టుమిషన్

సన్నగా ఉన్నవాళ్లకు అది మంచి దారి తమ్ముడూ. పిల్లల ప్యాంటులో నడుముకూ పిరుదులకూ కొలతలో తేడా తక్కువ, అందుకే పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో చాలామందికి పిరుదుల దగ్గర పట్టేస్తుంది. ఇక్కడ అడిగిన అమ్మాయికి పనికిరాదు.

సాగరతీరం

లేబుల్ మీద 2,000, 10,000 అని మి.మీ.లలో రాస్తారే, అది చూసే కొనాలా? నాకు దుకాణాల్లో ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

కాలువ గట్టు

బాబాయ్, బట్ట మీద అంత ఎత్తు నీటి స్తంభం నిలబెట్టినా కారదని అర్థం. 10,000 అంటే పది మీటర్ల నీరు. వాన చినుకుకు అంత ఒత్తిడి ఉండదు, కానీ తడి సీటు మీద కూర్చుని తొక్కుతుంటే మన బరువంతా అక్కడే పడుతుంది. చౌక ప్యాంట్లు మొదట కారేది సీటు దగ్గరే. అందుకే సీటు భాగంలో రెండో పొర ఉందా, కాళ్ల మధ్య కుట్లకు లోపల టేపు వేశారా అన్నది నంబరు కన్నా ముందు చూస్తాను. ప్యాంటును లోపలివైపు తిప్పి చూస్తే టేపు కనిపిస్తుంది.

లెస్టర్ పద్మ

తడి ప్యాంటును చుట్టి బ్యాగులో వదిలేయొద్దని కూడా చెప్పాలి. తేమలో పీయూ పూత జిగురుగా మారి పొరలు పొరలుగా ఊడుతుంది. నీడలో తగిలించండి. ఉతికేటప్పుడు బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ వేయకండి, పైన నీళ్లు జారిపోయే గుణం పోతుంది.

నల్లగండ్ల రైడర్

అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినవి చేసి చూసి వచ్చాను.

ముందు నా పాత మీడియం ప్యాంటుకే సస్పెండర్లు, మోకాలి కింద పట్టీలు వేసి చూశాను. అంచు మడమ పైకి వచ్చింది, చైన్ దగ్గరికి వెళ్లడం లేదు. కానీ పద్మ గారు చెప్పిన సీటు ముక్కు పరీక్షలో ఆ ప్యాంటు నిలబడలేదు, కాళ్ల మధ్య బట్ట ఇంకా వేలాడుతూనే ఉంది. నానక్‌రామ్‌గూడ సిగ్నళ్ల దగ్గర దానితో ఎక్కి దిగడం నాకు ఇష్టం లేదు, పక్కన పెట్టేశాను. మా అన్నయ్య ఇంగ్లండ్ నుంచి వస్తూ డెల్యూజ్ 29 అంగుళాలది తెచ్చాడు. మోకాళ్ల దగ్గర, కాళ్ల మధ్య బాగా కుదిరింది. అడుగున మూడు సెం.మీ. తగ్గిస్తే చాలు. ఇక్కడి టైలర్‌కు కుట్టుమిషన్ అన్న రాసినదంతా ఫోన్‌లో చదివి వినిపించాను, జిప్పు రన్నర్ పైకి జరపడం దగ్గర్నుంచి ఆయన అలాగే చేశారు.

ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023లో తెరిచిన 23 కి.మీ. సోలార్ కప్పు ట్రాక్ మీద మొన్నటి వానలో తొక్కాను. పైన కప్పు ఉన్నా గాలివాన పక్కనుంచి కొడుతుంది, ట్రాక్ దాకా చేరడానికి మామూలు రోడ్డు ఉండనే ఉంది. లోపల జీన్స్ పొడిగానే ఉంది, సీటు దగ్గర కొంచెం చెమట తేమ తప్ప. ఒక్క డౌట్ మిగిలింది అన్నా: సీలర్ రాసిన చోట ఇంకా కొంచెం అంటుకుంటోంది, అలాగే వాడొచ్చా?

కుట్టుమిషన్

వాడకమ్మా. వానాకాలపు తేమలో ఆరడం ఆలస్యమవుతుంది. ఇంకో రోజు ఫ్యాను కింద లోపలివైపు తిప్పి తగిలించు. వేలికి అంటకపోతే దాని మీద కొంచెం టాల్కం పౌడర్ చల్లి దులిపేయ్, అప్పుడు మడతపెట్టినా అతుక్కోదు.