పూల్డ్ ఫండ్ విధానం రాయించడానికి కన్సల్టెంట్ కావాలి: టీఓఆర్‌లో ఏం రాయాలి?

ప్రశ్న (ప్రోగ్రామ్ ఆఫీసర్, నుంగంబాక్కం, చెన్నై)

గ్రూపులో అందరికీ నమస్కారం. మాది విపత్తు సహాయ సంస్థ. ప్రధాన కార్యాలయం యూరప్‌లో ఉంది. దక్షిణాసియా పనులు చెన్నై నుంచి చూస్తాం. చెన్నై ఆఫీసు ఇక్కడే రిజిస్టరైన సొసైటీ, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉంది.

పూల్డ్ ఫండ్లంటే తెలిసిందే కదా, పలువురు దాతల డబ్బు ఒకచోట చేర్చి ఒకే కమిటీ ద్వారా పంచుతారు. వీటి విషయంలో మా సంస్థకు ఒక పద్ధతంటూ లేదు. ఒక దేశం ఆఫీసు అప్లై చేస్తుంది, పక్క దేశం ఆఫీసు ‘ఆ రిపోర్టింగ్ మావల్ల కాదు’ అంటుంది. అందుకే కన్సల్టెంట్‌ని పెట్టి విధానం రాయించమని పైనుంచి మెయిల్ వచ్చింది. టీఓఆర్, అంటే కన్సల్టెంట్ ఏం పని, ఎంత గడువులో చేయాలో చెప్పే పత్రం, రాసే పని నా నెత్తిన పడింది.

డ్రాఫ్టులో అసలు వాక్యం ఇదీ: ‘కన్సల్టెంట్ ప్రపంచవ్యాప్తంగా ఉన్న పూల్డ్ ఫండ్లను అధ్యయనం చేసి, సంస్థకు వ్యూహం రూపొందించి, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, దాతల జాబితా తయారు చేసి, సంస్థే ఒక ఫండ్ నడిపే అవకాశాలను పరిశీలించాలి.’ గడువు 20 పనిదినాలు.

గడువు సరిపోతుందా? ఐరాసలో పనిచేసినవాళ్ళే కావాలా, ఇక్కడి వాళ్ళు చాలా? ఫీజు మా ఎఫ్‌సీ ఖాతా (విదేశీ విరాళాల ఖాతా) నుంచి ఇవ్వొచ్చా? దయచేసి చెప్పండి. సోమవారంలోగా పంపాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు (సీవీలు చూసి విసిగిన హెచ్‌ఆర్ మనిషి, కోరమంగళ, బెంగళూరు)

అండీ, ఆ వాక్యంలో ఐదు ఉద్యోగాలున్నాయి. పాత ఫైల్లోంచి తెచ్చినట్టున్నారు. దీనికి అప్లై చేసేవాళ్ళు కూడా పాత ఫైల్లోంచే ప్రపోజల్ తెచ్చి పంపుతారు.

జవాబు (ఎవాల్యుయేషన్లు చేసే కన్సల్టెంట్, ఇందిరానగర్, బెంగళూరు)

పై జవాబు కటువుగా ఉన్నా నిజమే. గడువు సంగతి తర్వాత చూద్దాం. ముందు తేలాల్సింది వేరే ఉంది.

చీటీలో డబ్బు కట్టేవాళ్ళు ఉంటారు, పాడుకునేవాళ్ళు ఉంటారు, చీటీ నడిపేవాళ్ళు ఉంటారు. పూల్డ్ ఫండ్‌తో మీ సంస్థ ఈ మూడింట్లో ఏ సంబంధం పెట్టుకోవాలనుకుంటోంది? సొంత డబ్బు వేయడమా, ఫండ్ నుంచి గ్రాంటు తీసుకోవడమా, ఫండ్‌ని తానే నడపడమా? డబ్బు వేసే సంస్థకు కావాల్సింది ఏ ఫండ్‌ని నమ్మొచ్చు, తన పేరు కనపడకపోయినా ఫరవాలేదా అన్న లెక్క. తీసుకునే సంస్థకు కావాల్సింది దేశాల ఆఫీసుల సత్తా, ఆడిట్, నగదు ప్రవాహం. నడిపే సంస్థకైతే చట్టం, బ్యాంకు ఖాతా, ఫిర్యాదుల వ్యవస్థ, మోసం జరిగితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న. మూడింటినీ బాగా ఎరిగిన మనిషి ఒక్కరే దొరకడం కష్టం. దొరికినా 20 రోజుల్లో మూడూ రాయలేరు.

మీ ప్రశ్నని బట్టి చూస్తే మీకు రెండోది కావాలి. ‘ఒక ఆఫీసు అప్లై చేస్తోంది, ఇంకోటి చేయట్లేదు’ అన్నదే మీ అసలు సమస్య. అప్పుడు టీఓఆర్‌లో పెట్టాల్సిన ప్రశ్న చిన్నది: ఏ పరిస్థితిలో, ఏ ఫండ్‌కి, ఎవరి అనుమతితో అప్లై చేస్తాం, ఎప్పుడు వద్దంటాం? దీనికి ఆరేడు పేజీల విధానం, ఒక పేజీ నిర్ణయ పట్టిక చాలు. అరవై పేజీల రిపోర్టు అడిగితే వస్తుంది కానీ ఎవరూ చదవరు. పేజీల పరిమితి టీఓఆర్‌లోనే రాసేయండి. శిక్షణ, దాతల జాబితా పూర్తిగా తీసేయండి. దాతల జాబితా మీ ఫండ్‌రైజింగ్ వాళ్ళ పని.

పైవాళ్ళు ఇష్టపడని మాట ఇంకోటి. సంస్థ ఎంత రిస్కు భరిస్తుందో కన్సల్టెంట్ తేల్చలేరు. పైవాళ్ళు తేల్చకుండా వదిలేసిన విషయాన్ని కన్సల్టెంట్ మీదికి నెడితే, ‘ఒకవైపు ఇలా, మరోవైపు అలా’ అని రాసి బిల్లు పంపుతారు. అందుకని మొదటి వారంలోనే డైరెక్టర్లతో రెండు గంటల మీటింగ్ ఉండాలని రాయండి. తేదీ కూడా రాయండి. తేదీ లేని మీటింగ్ జరగదు.

గడువు విషయానికొస్తే, ఈ తగ్గించిన పనికి 25 నుంచి 30 పనిదినాలు పెట్టి, క్యాలెండర్‌లో మూడు నెలలు ఇవ్వండి. పనిదినాలు తక్కువైనా సర్దుకోవచ్చు. దేశాల ఆఫీసుల వాళ్ళు ఇంటర్వ్యూలకు దొరకడానికే వారాలు పడుతుంది. మధ్యలో ఎక్కడో వరదొస్తే అందరూ అటు పరుగెడతారు.

ఫీజుని మూడు వాయిదాలు చేయండి. ఇన్‌సెప్షన్ రిపోర్టుకి (పని ఎలా చేస్తారో మొదట్లో రాసిచ్చేది) కొంత, డ్రాఫ్టుకి కొంత, ఫైనల్‌కి మిగతాది. ఇన్‌సెప్షన్ రిపోర్టు చదివాక నచ్చకపోతే అక్కడితో ఆపే హక్కు మీకుందని కాంట్రాక్టులో ఉండాలి. సీల్డు కవర్లలో తక్కువ కోట్ చేసినవాళ్ళకి ఇచ్చే పద్ధతి ఇక్కడ పనికిరాదు. టెక్నికల్‌కి 70, ధరకి 30 మార్కులు పెట్టండి. ధర కవరు టెక్నికల్ మార్కులు వేశాకే తెరవాలి.

జవాబు (ఎన్‌జీఓ ఆడిట్లు చూసే సీఏ, వెస్ట్ మాంబళం, చెన్నై)

ఫీజు ప్రశ్నకి నేను చెప్తాను. ఎఫ్‌సీ ఖాతా నుంచి కన్సల్టెంట్‌కి ఫీజు ఇవ్వొచ్చు. అది పనికిచ్చే డబ్బు, ఇంకో సంస్థకిచ్చే గ్రాంటు కాదు. కానీ ఎఫ్‌సీఆర్‌ఏ నియమాల్లో రూల్ 5 ప్రకారం లీగల్, ప్రొఫెషనల్ చార్జీలు పరిపాలనా ఖర్చు కిందికి వస్తాయి. 2020 సవరణ, విదేశీ విరాళంలో ఆ ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించేసింది. ఈ ఏడాది మీ అద్దె, అకౌంట్స్ జీతాలు, వాహనాల ఖర్చు ఇప్పటికే ఎంతయ్యాయో చూసుకోండి. 18 శాతం దగ్గరుంటే ఈ ఫీజుతో గీత దాటతారు. డిసెంబరు 31లోగా వేసే ఎఫ్‌సీ-4 రిటర్నులో అది కనపడుతుంది.

విధానం మొత్తం సంస్థకోసం కాబట్టి కాంట్రాక్టు యూరప్ ఆఫీసే చేసుకుని, అక్కడి నుంచే ఫీజు ఇస్తే మీకు తలనొప్పి ఉండదు. మామూలు వ్యాపార క్రమంలో చేసిన సేవకి విదేశం నుంచి వచ్చే ఫీజుని చట్టం విదేశీ విరాళంగా చూడదు. బెంగళూరు కన్సల్టెంట్‌కి అది సేవల ఎగుమతి అవుతుంది. మీరే ఇస్తే మాత్రం ప్రొఫెషనల్ ఫీజు మీద 10 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. వాళ్ళకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు మీద 18 శాతం అదనంగా పడుతుంది. కొటేషన్ అడిగేటప్పుడే ‘పన్నులతో కలిపి’ అని రాయండి. లేకపోతే చివర్లో గొడవ.

ఇక ‘సంస్థే ఫండ్ నడిపే అవకాశాలు’ అన్న ముక్క. 2020 సెప్టెంబరు నుంచి ఎఫ్‌సీఆర్‌ఏ సెక్షన్ 7 ప్రకారం, విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని ఇంకే సంస్థకీ బదిలీ చేయకూడదు. అవతలి వాళ్ళకి ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్నా సరే. అంతకుముందు ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థలు తీసుకుని చిన్నవాటికి పంచేవి. ఆ దారి మూసుకుపోయింది. అంటే విదేశీ డబ్బుతో చెన్నైలో కూర్చుని ఇక్కడి ఎన్‌జీఓలకు పంచే పూల్డ్ ఫండ్ కుదరదు. గ్రాంటుకి సర్వీస్ కాంట్రాక్టు ముసుగేద్దామని ఎవరైనా కన్సల్టెంట్ సలహా ఇస్తే, మర్యాదగా టీ ఇచ్చి పంపించేయండి.

ఇక్కడి డబ్బుతో ఫండ్ అంటే సీఎస్‌ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు) ఉంది. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 కిందికొచ్చే కంపెనీలు, అంతకుముందు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. కంపెనీలు కలిసి ఒకే ప్రాజెక్టు చేయొచ్చు, కానీ ఎవరి లెక్క వాళ్ళు విడిగా చూపగలగాలి. అంటే ఎవరి రూపాయి ఎక్కడికెళ్ళిందో ఫండ్ వాళ్ళు చెప్పగలగాలి. అమలుచేసే సంస్థకి సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పైగా 2023 ఫైనాన్స్ చట్టం తర్వాత, ఒక ట్రస్టు ఇంకో ట్రస్టుకిచ్చే విరాళంలో 85 శాతమే పన్ను మినహాయింపుకి ఖర్చు కింద లెక్కకొస్తుంది. చేతులు మారిన ప్రతిసారీ ఈ కోత ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

సీఏ గారూ, చాలా థాంక్స్. ఇదంతా తెలియకుండానే ‘అవకాశాలను పరిశీలించాలి’ అని రాసేశాం. మాకు కావాల్సింది గ్రాంటు తీసుకునే విధానమేనని మా డైరెక్టర్ కూడా ఫోన్‌లో ఒప్పుకున్నారు. ఇప్పుడు మనిషి సంగతి. ఐరాస అనుభవం తప్పనిసరి అని రాయాలా?

జవాబు (కాబూల్, జూబాల్లో ఫండ్ ఆఫీసుల్లో చేసి బెంగళూరు తిరిగొచ్చినవారు, మల్లేశ్వరం)

తప్పనిసరి అనొద్దు. ఫండ్ ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి ఫారం ఎలా నింపాలో తెలుస్తుంది, నింపేవాళ్ళ బాధ తెలియదు. నేను అటువైపు కూర్చున్నవాణ్ణే, అందుకే చెప్తున్నాను. రెండు వైపులా చేసినవాళ్ళు దొరికితే అదృష్టం. లేకపోతే గ్రాంటు తీసుకున్న ఎన్‌జీఓలో ఫైనాన్స్‌తో కుస్తీ పట్టినవాళ్ళే మేలు.

ఏ ఫండ్ల గురించి మాట్లాడుతున్నారో టీఓఆర్‌లో పేర్లు రాయండి. ‘పూల్డ్ ఫండ్లు’ అని గంపగుత్తగా రాస్తే కుదరదు. సీఈఆర్‌ఎఫ్ (ఐరాస కేంద్ర అత్యవసర సహాయ నిధి) 2006లో మొదలైంది, కానీ దాని డబ్బు నేరుగా వెళ్ళేది ఐరాస సంస్థలకే. మీకు వస్తే వాళ్ళ ద్వారానే రావాలి. ఓచా (ఐరాసలో మానవతా సహాయాన్ని సమన్వయం చేసే కార్యాలయం) నడిపే దేశాలవారీ ఫండ్లు 1990ల నుంచీ ఉన్నాయి. అఫ్గానిస్తాన్, సూడాన్, దక్షిణ సూడాన్‌లలో ఉన్నట్టివి. అక్కడ ఎన్‌జీఓలు నేరుగా అప్లై చేయొచ్చు. ఎంతిస్తారో, ఎన్ని విడతల్లో ఇస్తారో, ఎన్నిసార్లు చూడ్డానికొస్తారో అంతా ముందు చేసే సామర్థ్య పరీక్షలో మీకు పడిన రిస్కు స్థాయిని బట్టి ఉంటుంది. మన దేశంలో అలాంటి ఫండ్ లేదు. ఎన్‌జీఓలే నడుపుకునే స్టార్ట్ ఫండ్ 2014లో వచ్చింది. అలర్టు పెట్టిన 72 గంటల్లోపే డబ్బు ఎవరికో తేల్చేస్తారు, 45 రోజుల్లో పని ముగించాలి. 2017లో బంగ్లాదేశ్‌కి దాని విడి శాఖ కూడా పెట్టారు. ఏడాది పాటు నడిచే ఓచా గ్రాంటుకి, 45 రోజుల స్టార్ట్ గ్రాంటుకి ఒకే అనుమతి పద్ధతి పెట్టుకుంటే రెండోది ఎప్పటికీ మీ చేతికి రాదు.

ఇంటర్వ్యూలో ‘మీ అనుభవం చెప్పండి’ అని అడగొద్దు. అది సీవీలో ఉంటుంది. ఒక పేజీ కేసు ఇవ్వండి. శుక్రవారం సాయంత్రం బంగ్లాదేశ్‌లో వరద అలర్టు. ఢాకా ఆఫీసులో ఫైనాన్స్ మేనేజర్ సెలవులో ఉన్నారు. మీ యూరప్ ఆఫీసు సోమవారం దాకా తెరవదు. స్థానిక భాగస్వామి కూడా అదే ఫండ్‌కి అప్లై చేయాలనుకుంటున్నాడు. మీరైతే ఏం రాస్తారు, ఎవరి సంతకంతో? ఇరవై నిమిషాలు ఇచ్చి వినండి. పని తెలిసినవాళ్ళు ముందుగా ఆ భాగస్వామి గురించే అడుగుతారు.

మీ విధానంలో అన్నిటికంటే ఇబ్బందికరమైన పేజీ అదే అవుతుంది. 2016లో ఇస్తాంబుల్ శిఖరాగ్ర సభలో దాతలు, సహాయ సంస్థల మధ్య గ్రాండ్ బార్గైన్ అనే ఒప్పందం కుదిరినప్పుడు, కనీసం 25 శాతం మానవతా నిధులు స్థానిక, జాతీయ సంస్థలకి వీలైనంత నేరుగా చేరాలన్నారు. పూల్డ్ ఫండ్లు అందుకు ఒక దారి. మీలాంటి అంతర్జాతీయ సంస్థ అదే గల్లా దగ్గరికొచ్చి చేయి చాపితే, మీ భాగస్వామి నోటి దగ్గరిది లాక్కున్నట్టు కాదా? ఏ సందర్భంలో అప్లై చేయకుండా తప్పుకుని భాగస్వామిని ముందు పెడతాం, వాళ్ళ ప్రపోజల్‌కి ఏం సాయం చేస్తాం అన్నది విధానంలో ఉండాలని టీఓఆర్‌లోనే రాయండి. రాయకపోతే కన్సల్టెంట్ దాని జోలికి పోరు, మీవాళ్ళూ అడగరు.

డబ్బు లెక్క కూడా చేయించండి. ఓచా ఫండ్లలో పరోక్ష ఖర్చులకి గరిష్ఠంగా 7 శాతమే ఇస్తారు. మీ యూరప్ ఆఫీసు నిజమైన ఓవర్‌హెడ్ అంతకంటే ఎక్కువైతే తేడా ఎవరు భరిస్తారు? ఓ ఆఫీసు ‘మావల్ల కాదు’ అంటోందన్నారు కదా, బహుశా అక్కడి ఫైనాన్స్ మనిషి ఈ లెక్క ఎప్పుడో వేసుకుని ఉంటారు. కన్సల్టెంట్ చేయాల్సిన మొదటి ఇంటర్వ్యూ ఆ మనిషితోనే.

ప్రశ్న అడిగినవారు

కొత్త వాక్యం చూడండి: ‘దేశాలవారీ ఓచా ఫండ్లకి, స్టార్ట్ ఫండ్‌కి సంస్థ ఎప్పుడు, ఎవరి అనుమతితో అప్లై చేయాలో, స్థానిక భాగస్వామికి దారి వదిలి ఎప్పుడు తప్పుకోవాలో, ఖర్చులో పూడని భాగాన్ని ఎవరు భరించాలో తేల్చే విధానం, ఎనిమిది పేజీలకు మించరాదు, 28 పనిదినాలు, మూడు నెలలు.’ కాంట్రాక్టు యూరప్ ఆఫీసే చేసుకుంటుంది. ఇందిరానగర్ మేడమ్, మీరే అప్లై చేయకూడదా?

జవాబు (ఇందిరానగర్)

బాగుంది. ‘డ్రాఫ్టు మీద సంస్థ వ్యాఖ్యలు పది పనిదినాల్లో, అన్నీ కలిపి ఒకే ఫైల్‌గా’ అని చేర్చండి. లేకపోతే ఆరుగురు ఆరు రకాలుగా ఒకదానికొకటి పొసగని వ్యాఖ్యలు పంపుతారు.

నేను అప్లై చేయను. టీఓఆర్ రాయడంలో చేయి పెట్టినవాళ్ళు పోటీలో ఉండకూడదు, మీ ప్రొక్యూర్‌మెంట్ వాళ్ళు కూడా అదే అంటారు. మల్లేశ్వరం గారికీ అదే వర్తిస్తుంది. ఏదైనా ఫండ్‌కి ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళు, గత రెండేళ్ళలో చేసినవాళ్ళు ఆ విషయం ప్రపోజల్‌లోనే చెప్పాలని ఒక లైను కూడా పెట్టండి. ప్రకటన బయటికొచ్చాక ఇక్కడ వేస్తే, తెలిసినవాళ్ళకి పంపుతాను.