పశువుల ఎరువు వేసిన కూరగాయలు వీగన్లకు అభ్యంతరమా? ఎరువు మానేస్తే మడికి ఏం వేయాలి?

పాదుపందిరి:
కొందరం కలిసి ఒకే స్థలంలో కూరగాయలు పండిస్తున్నాం. ఇప్పటిదాకా ఏటా మాగిన పేడ ఎరువే వాడాం. కొత్తగా చేరినవాళ్లలో వీగన్లు (మాంసమే కాదు, పాలు, గుడ్లు కూడా ముట్టనివాళ్లు) ఉన్నారు. పేడ ఎరువు, ఎముకల పొడి రెండూ వద్దంటున్నారు. ఎముకల సంగతి అర్థమైంది గానీ, పేడ కోసం ఎవరూ పశువును చంపరు కదా, అభ్యంతరం ఎక్కడ? ఇది వాళ్ల నియమాల్లో ఉన్నదేనా, లేక వ్యక్తిగత పట్టింపా? ఇంకోటి, పేడ పూర్తిగా ఆపేస్తే టమాటా, వంగలాంటి ఎక్కువ మేత కోరే పంటలకు నత్రజని ఎలా అందించాలి? కొలతలతో చెప్పండి. "కంపోస్ట్ వేస్తే చాలు" అని వదిలేయకండి.

గట్టుమీద:
మొదటి ప్రశ్నకు నా జవాబు. వీగన్లందరిదీ ఒకే మాట కాదు. వీగన్ సొసైటీ అనే సంస్థ నిర్వచనం ప్రకారం వీగన్ అంటే సాధ్యమైనంత వరకు, ఆచరణలో వీలైనంత వరకు జంతువులను వాడుకోకుండా, హింసించకుండా బతికే మనిషి. "వీలైనంత" ఎక్కడ ఆగుతుందో ఎవరికి వాళ్లే తేల్చుకుంటారు. వీగన్ గుర్తు వేసిన సరుకుల్లో కూడా చూసేది అందులో కలిపిన పదార్థాలనే, పొలంలో ఏ ఎరువు చల్లారన్నది కాదు. అందుకే చాలామంది వీగన్లు పేడ ఎరువుతో పండిన కూరగాయలను మారుమాట లేకుండా తింటారు.

ఇంకాస్త ముందుకెళ్లినవాళ్లు ఎరువును కూడా లెక్కలోకి తీసుకుంటారు. బ్రిటన్‌లో వీగన్ ఆర్గానిక్ నెట్‌వర్క్ "స్టాక్‌ఫ్రీ" (పశువుల ప్రమేయం లేని సాగు) అనే ప్రమాణాలు పెట్టింది. బయోసైక్లిక్ వీగన్ అనే సాగు పద్ధతి ప్రమాణాలను సేంద్రియ సాగు అంతర్జాతీయ సమాఖ్య ఐఫోమ్ 2017లో గుర్తించింది. రెండింటిలోనూ పేడ, కోళ్ల ఎరువు, కబేళా నుంచి వచ్చే పొడులు నిషిద్ధం. కాబట్టి మీ తోటివాళ్లు కొత్తగా కనిపెట్టిన పట్టింపు కాదిది.

అభ్యంతరానికి మూలం డబ్బు. పేడ, కోళ్ల ఎరువు అమ్ముడైతే ఆ డెయిరీకి, కోళ్లఫారానికి ఆదాయంలో ఒక భాగం మీ మడి నుంచి వెళ్తుంది. అమ్మకుండా ఊరికే పోసి వెళ్లినా, వాళ్లకు పారబోసే ఖర్చు తగ్గినట్టే. రక్షించి తెచ్చిన పశువులను చచ్చేదాకా సాకే ఆశ్రమాల పేడ అయితే చాలామంది వీగన్లు ఒప్పుకుంటారు. ఎముకల పొడి, రక్తపు పొడి, ఈకల పొడి, చేపల ద్రావణం మాత్రం దాదాపు ఎవరికీ సమ్మతం కాదు. వర్మీకంపోస్ట్ దగ్గర కొందరు ఆగుతారు, వానపాములను తొట్టిలో బంధించి పని చేయించుకుంటున్నామని. నేలలో వాటంతటవి తిరిగే వానపాములతో ఎవరికీ పేచీ లేదు. మీవాళ్లు ఎక్కడ గీత గీస్తున్నారో ముందే అడిగి తెలుసుకోండి.

సాగు చేసేవాడి కోణంలో నాకు నచ్చిన వాదన వేరే ఉంది. పశువు నత్రజనిని తయారు చేయదు. పాడి ఆవు తిన్న మేతలోని నత్రజనిలో నాలుగింట మూడు వంతుల దాకా పేడ, మూత్రాల్లో తిరిగి బయటికొస్తుంది. అంటే పేడ ఎరువు వేయడమంటే ఇంకో పొలంలో పెరిగిన మేత సారాన్ని మన మడికి మోసుకురావడమే. ఆ సారాన్ని మన నేలలోనే పెంచుకోవచ్చు కదా అన్నది వాళ్ల వాదన. అది కాదనలేని మాట.

పచ్చిరొట్ట:
రెండో ప్రశ్నకు వస్తాను. లెక్కంతా చదరపు మీటరుకు.

టమాటా, వంగ పంటకాలంలో సుమారు 12 నుంచి 15 గ్రాముల నత్రజని కోరతాయి. ఆకుకూరలకు 8 నుంచి 10 సరిపోతుంది. చిక్కుడు జాతికి మొదట్లో 2, 3 గ్రాములు చాలు, మిగతాది అవే వేళ్ల బుడిపెల్లో కూడబెట్టుకుంటాయి. మీరు ఇప్పటిదాకా మాగిన పేడ ఎరువు 3 కిలోలు వేస్తూ ఉంటే, అందులో నత్రజని అర శాతం చొప్పున 15 గ్రాములు. మొదటి పంటకు అందేది అందులో మూడో వంతు మాత్రమే. ఏటా వేస్తున్నారు కాబట్టి పాత ఏళ్ల నిల్వ తోడై పంట నిలబడుతోంది. పేడ ఆపిన మొదటి ఏడాది తేడా కనిపించకపోవడానికి కారణం ఆ నిల్వే. రెండో, మూడో ఏట ఆకులు పాలిపోతాయి. అప్పుడు "వీగన్ పద్ధతి పనికిరాదు" అని వదిలేస్తారు. అందుకని మొదటి ఏడాదే బదులు ఏర్పాటు మొదలవ్వాలి.

అసలైన బదులు పచ్చిరొట్ట. జనుము లేదా జీలుగ విత్తనం 5 గ్రాములు చల్లి, 45 నుంచి 50 రోజులకు పూత మొదలయ్యేటప్పుడు కోసి మట్టిలో కలిపేయాలి. ఒత్తుగా పెరిగితే పచ్చిది 2 కిలోల దాకా వస్తుంది, అందులో నత్రజని దాదాపు 9 గ్రాములు. తర్వాతి పంటకు సగం అందుతుంది. ఇక్కడ రెండు చోట్ల దెబ్బతింటారు. పూత దాటనిస్తే కాండం నారతేలి కట్టెబారుతుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనినే వాడేసుకుంటాయి, మీ నారు పసుపెక్కి ఆగిపోతుంది. రెండోది తొందర. పచ్చిది కలిపిన వెంటనే విత్తితే నారుకుళ్లు తెగులు పట్టుకుంటుంది. కనీసం రెండు వారాలు, వీలైతే మూడు, తడి ఆరకుండా చూసి ఆ తర్వాతే నాటండి. మీ మడిలో ఆ జాతి పంట ఎప్పుడూ వేయకపోతే విత్తనానికి రైజోబియం కల్చర్ (వేళ్ల బుడిపెల్లో నత్రజని కూడబెట్టే బ్యాక్టీరియా) పట్టించండి. 30 రోజులకు ఒక మొక్కను పెరికి వేరు బుడిపె కోసి చూడండి. లోపల గులాబీ రంగుంటే పని జరుగుతోంది, తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే లేదు.

మిగతాది చెక్కలతో, అంటే గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిండితో పూడ్చాలి. వేప పిండిలో నత్రజని సుమారు 5 శాతం, వేరుశనగ చెక్కలో 7. టమాటాకు వేప పిండి 150 గ్రాములు. సగం నాటడానికి పది, పదిహేను రోజుల ముందు మట్టిలో కలపాలి. మిగతా సగం నాటిన నెలకు మొదలుకు జానెడు దూరంలో వేసి మట్టి కప్పాలి. చెక్క తడిస్తే పులిసి వేడెక్కుతుంది, అమ్మోనియా వదులుతుంది. లేత వేళ్లకు తగిలితే మాడిపోతాయి, దూరం అందుకే. వేరుశనగ చెక్క పైపైన చల్లితే ఎలుకలు, చీమలు వస్తాయి, నాలుగు వేళ్ల లోతున పెట్టండి. ఆముదం చెక్క మాత్రం జాగ్రత్త. విషం తీయనిదైతే అందులోని రైసిన్ కుక్కల ప్రాణం తీస్తుంది. జంతువుల మీద ప్రేమతో పేడ మానేసిన తోటలో అది అసలే వద్దు.

వీటి మీద ఆకుల కంపోస్ట్ 3 కిలోలు. మొదటి ఏడాది దాని నుంచి నత్రజని పదో వంతే వస్తుంది. దాన్ని నేల గుల్లబారడానికి, తడి నిలవడానికి వేస్తున్నట్టు లెక్కేసుకోండి.

పాదుపందిరి:
చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలండి. కంపోస్ట్ గురించే ఒక సందేహం. పేడ నీళ్లు చల్లకపోతే కుప్ప వేడెక్కదని మావాళ్లు పట్టుబడుతున్నారు. పొటాష్, భాస్వరం మాటేమిటి?

పచ్చిరొట్ట:
పేడ అక్కర్లేదు. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఆకుల మీద, మట్టిలో ముందే ఉన్నాయి. వాటికి కావలసింది నత్రజని, తడి, గాలి. ఎండుటాకులు, గడ్డి రెండు పాళ్లు, కోసిన పచ్చగడ్డి, కూరగాయల తొక్కలు ఒక పాలు. కుప్ప మీటరు పొడవు, వెడల్పు, ఎత్తుకు తగ్గితే వేడి నిలవదు. పిడికెడు తీసి పిండితే రెండు మూడు చుక్కలు రాలాలి. ధార కారితే తడి ఎక్కువ, ఎండు సరుకు కలపండి. మూడు రోజులైనా వేడెక్కకపోతే పచ్చిది చాలలేదని అర్థం. ఒక కిలో వేరుశనగ చెక్క నానబెట్టి కలిపితే పేడ చేసే పనే చేస్తుంది. అమ్మోనియా ఘాటు వస్తే ఎండుటాకులు తక్కువయ్యాయన్నమాట.

భాస్వరం గురించి రెండు మూడేళ్లు దిగులు వద్దు. నత్రజని కోసం ఏటా పేడ వేసిన మడుల్లో భాస్వరం పంట తీసుకునేదాని కంటే ఎక్కువగా పేరుకుపోతుంది. మట్టి పరీక్ష చేయించి చూడండి. పొటాష్‌కు కట్టెల బూడిద ఏడాదికోసారి చదరపు మీటరుకు 50 నుంచి 100 గ్రాములు. పీహెచ్ 7.5 దాటిన (క్షారగుణం ఉన్న) నేలలో వద్దు. చెక్క వేసిన రోజే బూడిద వేయకండి, నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది.

నల్లరేగడి:
కొన్ని మడుల్లో పేడ కొనసాగించేవాళ్లకు ఒక మాట. పచ్చి పేడలో ఇ.కోలి, సాల్మొనెల్లా లాంటి రోగాలు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు. అమెరికా సేంద్రియ నిబంధనల ప్రకారం తినే భాగం మట్టికి తగిలే పంటలకు పచ్చి ఎరువు కోతకు 120 రోజుల ముందు, తగలని వాటికి 90 రోజుల ముందు మట్టిలో కలిసిపోవాలి. బారు కుప్పగా పోసి కంపోస్ట్ చేస్తే 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు, ఆ లోపల కనీసం ఐదుసార్లు తిరగేయాలి. కుక్క, పిల్లి మలం ఎరువు కుప్పలోకి రానివ్వొద్దు.

బయట నుంచి తెచ్చిన ఎరువుతో ఇంకో ప్రమాదం, అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్ కలుపు మందులు. అవి కొట్టిన గడ్డి పశువు తిన్నా కడుపులో విరగవు, పేడలో అలాగే వస్తాయి, కంపోస్ట్ చేసినా త్వరగా పోవు. టమాటా, చిక్కుడు ఆకులు సన్నబడి పైకి ముడుచుకుంటాయి. చాలామంది అది వైరస్ అనుకుంటారు. కొత్త లోడు దిగగానే ఎరువు ఒక పాలు, మంచి మట్టి ఒక పాలు కలిపి మూడు కుండీల్లో, మట్టి ఒక్కటే నింపి ఇంకో మూడింటిలో చిక్కుడు గింజలు వేయండి. మూడు వారాల్లో మూడో, నాలుగో ఆకు చూస్తే తెలిసిపోతుంది.

వీగన్ మడులు వాలులో ఎగువన పెట్టండి, లేకపోతే వానకు పేడ నీళ్లు వాటిలోకే దిగుతాయి. పార, బుట్టలు విడిగా ఉంచండి. కోతప్పుడు ఏ మడి పంట ఏ బుట్టలోదో రాసి పెట్టండి, తినేవాళ్లకు తెలిసే హక్కుంది.

గట్టుమీద:
ఇంకొక్కటి, ఈ చర్చలో తరచూ వచ్చే మాట: "పేడతో పండిన కూరగాయల్లో విటమిన్ బీ12 ఉంటుంది, వీగన్లకు అదే మంచిది" అని. దాన్ని నమ్ముకోవద్దు. ఏ ఎరువు వేసినా కూరల నుంచి ఆధారపడదగినంత బీ12 రాదు. వీగన్లు మాత్ర రూపంలోనో, బీ12 కలిపిన ఆహారం ద్వారానో తీసుకోవాల్సిందే.