అప్‌డేట్: మైకుల తగాదాలకు మా వార్డు కమిటీ ఎలా నడుస్తోందంటే

బెంగళూరులో మా వీధుల మధ్య పండగ మైకుల గొడవలు స్టేషన్ దాకా వెళ్తున్నాయి, స్థానికులతో కమిటీ ఎలా వేయాలని లోగడ అడిగాను. కమిటీ నడుస్తోంది.

తొమ్మిది మంది సభ్యులు. అందులో ముగ్గురు అద్దెకుండేవాళ్లు, ఇది తప్పనిసరి. సొంతిళ్లవాళ్లే కూర్చుంటే తీర్మానం సగం వీధికి చేరదు. మినిట్స్ (మీటింగ్‌లో అనుకున్నవి) కన్నడలో రాసి, తెలుగు, తమిళం, ఉర్దూలో అక్కడే చదివాకే సంతకాలు.

మైకులకు 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే ఆధారం. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు ఉండకూడదు. పండగలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వగలిగేది రాష్ట్ర ప్రభుత్వమే, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. మైకు పెట్టాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. గుడికీ మసీదుకూ చర్చికీ ఈ నిబంధనలున్న ఒకే కాగితం చూపిస్తే పక్షపాతం అన్న మాటే రాదు.

పండగ వారంలో కూర్చుంటే లాభం లేదు. అప్పటికే చందాలు వసూలై, సౌండ్ సిస్టమ్‌కి అడ్వాన్స్ వెళ్లిపోయి ఉంటుంది, ఇక ఎవరూ తగ్గరు. నెల ముందే కూర్చోండి. ఫిర్యాదుల్ని వాట్సాప్ గ్రూపులో పెట్టనివ్వకండి, అక్కడ ప్రతి మాటా రెట్టింపవుతుంది. దానికి బదులు చెరో వర్గం నుంచి ఒక్కొక్కరు కలిసి ఫిర్యాదు వచ్చిన ఇంటికి వెళ్లాలి. కొట్టడం, బెదిరించడం దాకా వస్తే కమిటీ రాజీ చేయకూడదు, నేరుగా అత్యవసర నంబర్ 112కి ఫోన్ చేయాలి.