నీడలో ఆకుల మొక్కలు: కేలాడియం మాయమైంది, అగ్లోనిమా మాడతా ఉంది, ఏం చేయాలి?

కావలి నుంచి: మా ఇంటికి ఉత్తరం పక్క ఎండే పడదు, అందుకని కడియం నర్సరీల నుంచి తెప్పించిన ఎర్ర అగ్లోనిమా, కేలాడియం కుండీల్లో పెట్టుకున్నా. సంక్రాంతికల్లా కేలాడియం ఆకులన్నీ వాలిపోయి ఖాళీ కుండీ మిగిలింది, అగ్లోనిమా ఆకుల కొసలు మాడతన్నయ్. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటయ్. ఎవరన్నా చెప్పండి ప్లీజ్.

ఒంగోలు నుంచి: అక్కా, కేలాడియం కుండీ పారేయబాకండి! లోపల దుంప నిద్రపోతా ఉంటది, అంతే. ఇప్పుడు నీళ్ళు పోస్తే కుళ్ళిపోద్ది, ఆపేయండి. ఎండలు ముదిరి మొలక కనపడినప్పుడు దుంప తీసి, ప్రతి ముక్కకీ ఒక కన్ను (మొలకొచ్చే చోటు) ఉండేట్టు కోసి, రెండ్రోజులు నీడలో ఆరబెట్టి నాటండి. నాకు ఒక్క దుంప నుంచి 5 మొక్కలొచ్చినయ్, ఆ గులాబీ ఆకులు చూస్తంటే కడుపు నిండిపోద్ది.

నెల్లూరు నుంచి: కొసలు మాడేది ఉప్పు వల్లే అయ్యుంటది అండి. మేం అక్టోబరు, నవంబరు వానల్లో డ్రమ్ములు నింపి పెట్టుకుంటాం, అవి అయిపోతే ఏసీ నీళ్ళు. అగ్లోనిమా పొడుగైతే కాండాన్ని 2, 3 కణుపులుండేట్టు కోసి తడి ఇసకలో గుచ్చండి, నెల దాటాక వేర్లొస్తయ్, మోడు కూడా చిగురేస్తది. కోసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, ఆ రసం తగిల్తే దురద, పిల్లల్ని దగ్గరికి రానీయబాకండి.

కావలి నుంచి: ఇప్పుడే తవ్వి చూశా, దుంప గట్టిగానే ఉంది! థాంక్స్ అండి ఇద్దరికీ.